పులుపు తగ్గిపోయిన నీళ్ళే కొండని తొలుస్తాయి: సున్నపురాయి గుహల వెనక అసలు లెక్క

గుహలు ఎలా ఏర్పడతాయి అంటే ఎక్కడ చూసినా ఒకటే లైన్ ఉంటుంది. వాన నీళ్ళలో కొంచెం యాసిడ్ ఉంటుంది, అది సున్నపురాయిని కరిగిస్తుంది, లక్షల ఏళ్ళకి గుహ అవుతుంది, అంతే. ఇందులో తప్పేమీ లేదు, కానీ కాస్త లెక్కేసి చూస్తే మాత్రం ఈ లైన్ ఒక్కటే సరిపోదు. ఎందుకంటే ఆ యాసిడ్ చాలా బలహీనమైంది, పైగా రాయి తగిలిన చోటే ఖర్చయిపోతుంది. అలాంటప్పుడు కొండ పైపొర కరగాలి, పగుళ్ళ మూతులు వెడల్పవ్వాలి, నీళ్ళు లోపలికి నాలుగడుగులు దిగేసరికి కరిగించే శక్తి మొత్తం అయిపోవాలి. మరి కిలోమీటర్ల లోతున, కిలోమీటర్ల పొడవున సొరంగాలు ఎలా వచ్చాయి? అసలు ప్రశ్న ఇది, దీనికి జవాబు దొరకడానికి భూగర్భ శాస్త్రానికి చాలా కాలమే పట్టింది.

ముందు రాయి గురించి. సున్నపురాయి అంటే దాదాపుగా కాల్షియం కార్బొనేట్, ఎక్కువ శాతం సముద్రంలో తయారైనదే. గవ్వలు, పగడాలు, కంటికి కనపడనంత చిన్న జీవుల పెంకులు అడుగున పేరుకుని, గట్టిపడి, తర్వాత భూమి పొరల కదలికల వల్ల పైకి లేచి కొండలయ్యాయి. గట్టిపడిన ఈ రాయిలోంచి నీళ్ళు సులువుగా ఇంకవు. కానీ పొరకీ పొరకీ మధ్య సన్నటి సందులుంటాయి, అడ్డంగా నిలువుగా పగుళ్ళుంటాయి, చాలావాటి వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. జరిగే కథంతా ఈ సందుల్లోనే జరుగుతుంది.

ఇప్పుడు నీళ్ళు. గాలి అస్సలు తగలని స్వచ్ఛమైన నీళ్ళు ఒక లీటరు తీసుకుంటే అందులో కరిగే సున్నపురాయి సుమారు 14 మిల్లీగ్రాములు, అంటే లేనట్టే. అదే నీళ్ళకి మామూలు గాలి తగిలితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొంత కరిగి కార్బానిక్ యాసిడ్ అవుతుంది, అందుకే ఏ కాలుష్యమూ లేని వాన చినుకుకి కూడా పీహెచ్ (పులుపు కొలత, 7 కన్నా ఎంత తగ్గితే అంత పులుపు) 5.6 దగ్గర ఉంటుంది, ఈ నీళ్ళు లీటరుకి 50, 60 మిల్లీగ్రాముల దాకా కరిగిస్తాయి. ఐతే అసలు బలం ఆకాశం నుంచి రాదు, మట్టి నుంచి వస్తుంది. ఈ పాయింట్ చాలామంది వదిలేస్తారు. చెట్ల వేళ్ళు, మట్టిలోని సూక్ష్మజీవులు నిరంతరం ఊపిరి వదులుతూ ఉంటాయి కాబట్టి మట్టి సందుల్లో ఉండే గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో కన్నా పదుల రెట్లు, మంచి వర్షం, వెచ్చదనం ఉన్న చోట్ల వంద రెట్ల దాకా ఉంటుంది. ఆ మట్టిలోంచి ఇంకి దిగిన నీళ్ళు లీటరుకి 200, 300 మిల్లీగ్రాముల రాయిని కూడా మోసుకుపోగలవు. అంటే ఒక కొండ ఎంత వేగంగా కరుగుతుందనేది ఆ కొండ మీద ఏం మొలిచింది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. రాయిని కరిగించేది వానే అయినా దానికి పులుపు ఇచ్చేది అడవి.

ఈ రియాక్షన్‌లో ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది రెండు వైపులా నడుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే రాయి కరిగి కాల్షియం, బైకార్బొనేట్ రూపంలో నీళ్ళలో కలిసిపోతుంది. ఆ గ్యాస్ తగ్గిందా, కరిగినదంతా మళ్ళీ రాయిగా బయటికొస్తుంది. బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, అది సరిగ్గా ఇదే: వేడికి గ్యాస్ లేచిపోయింది, నీళ్ళు ఇక మోయలేక సున్నాన్ని వదిలేశాయి. మామూలుగా చక్కెర లాంటివి వేడి నీళ్ళలో బాగా కరుగుతాయి, సున్నపురాయి మాత్రం దీనికి ఉల్టా, చల్లటి నీళ్ళలో గ్యాస్ ఎక్కువ ఇముడుతుంది కాబట్టి ఎక్కువ కరుగుతుంది. గుహని తవ్వేదీ, అదే గుహలో రాతి ఊడలు దించేదీ ఒకే రియాక్షన్, దిశ మారుతుంది అంతే.

సరే, మొదటి ప్రశ్నకి వద్దాం. పులుపున్న నీళ్ళు సన్నటి పగులులోకి దిగాయి, రెండు పక్కలా రాయే, నీళ్ళేమో చాలా కొద్దిగా ఉన్నాయి, కదలిక కూడా నెమ్మది. రాయిని కరిగిస్తూ కరిగిస్తూ ఇక కరిగించలేని స్థితికి, అంటే సంతృప్త స్థితికి చేరిపోతాయి. కరిగే స్పీడు మొదటి నుంచి చివరి దాకా ఒకే సూత్రం ప్రకారం తగ్గుతూ పోయేదే ఐతే, మూతి దగ్గర కొద్ది దూరం మాత్రమే వెడల్పయి అక్కడితో ఆగిపోవాలి, ఆపైన పగులు పుట్టినప్పుడు ఎలా ఉందో లక్షల ఏళ్ళ తర్వాత కూడా అలాగే ఉండాలి. అలా జరిగుంటే భూమ్మీద పొడవైన గుహ ఒక్కటి కూడా ఉండేది కాదు.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ల్యాబుల్లో సున్నపురాయిని జాగ్రత్తగా కరిగించి కొలిచినప్పుడు తేలింది ఏంటంటే, నీళ్ళు సంతృప్తతకి 60 నుంచి 90 శాతం దగ్గరికి వచ్చేదాకా స్పీడు ఒకలా ఉంటుంది, ఆ తర్వాత మాత్రం ఒక్కసారిగా పడిపోతుంది. మామూలుగా తగ్గడం కాదు, సూత్రమే మారిపోతుంది. మిగిలిన కొద్దిపాటి శక్తి ఇక ఎంతకీ అయిపోదు, నత్త నడకన ఖర్చవుతూ ఉంటుంది. వినడానికి ఇదేదో చిన్న టెక్నికల్ విషయంలా ఉంటుంది, కానీ గుహల పుట్టుక మొత్తం దీని మీదే నిలబడి ఉంది. ఆ చివరి కొద్దిపాటి శక్తిని తొందరగా ఖర్చు చేసుకోని నీళ్ళు వందల మీటర్లు, కిలోమీటర్లు ప్రయాణించి కూడా ఇంకా కొంచెం కరిగించగలుగుతాయి. కాబట్టి పగులు పొడవునా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, చాలా చాలా కొద్దిగా వెడల్పవుతూ ఉంటుంది. బలమైన యాసిడ్ అయ్యుంటే పైన ఒక గుంట చేసి ఆగిపోయేది, దాదాపు చచ్చిపోయిన యాసిడ్ కాబట్టే కొండ అవతలి దాకా దారి చేస్తుంది.

దీనికి తోడు ఇంకో లెక్క ఉంది. సన్నటి సందులో పారే నీళ్ళ పరిమాణం వెడల్పుతో సమానంగా పెరగదు, వెడల్పు ఘనంతో పెరుగుతుంది. అంటే సందు రెట్టింపు వెడల్పైతే నీళ్ళు రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు వస్తాయి. నీళ్ళు ఎక్కువొస్తే తొందరగా దాటిపోతాయి, తొందరగా దాటితే ఇంకా కరిగించే శక్తితోనే అవతలి కొస చేరతాయి, అప్పుడు అక్కడ కూడా ఎక్కువ కరుగుతుంది, సందు ఇంకా వెడల్పవుతుంది, నీళ్ళు ఇంకా పెరుగుతాయి. ఇలా వేల ఏళ్ళు ఏమీ జరగనట్టే ఉండి, సందు వెడల్పు సెంటీమీటరు దగ్గరికి వచ్చేసరికి ప్రవాహం సుళ్ళు తిరగడం మొదలవుతుంది, అప్పుడిక గోడలు మొత్తం పొడవునా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఒక్కోసారి మిల్లీమీటరు దాకా కరుగుతూ పోతాయి. రాతి కాలమానంలో చూస్తే ఇది పరుగే. ఆ స్థితికి చేరడానికి పట్టే కాలం పరిస్థితుల్ని బట్టి మారుతుంది, మొత్తం మీద వేల ఏళ్ళ నుంచి లక్ష ఏళ్ళ లెక్కలో ఉంటుంది.

ఈ పోటీలో పక్కన ఉన్న పగుళ్ళ సంగతి ఏంటంటే, ఓడిపోతాయి. ఒకటి ముందు గెలిచి పెద్దదైతే చుట్టుపక్కల నీళ్ళన్నీ అటే లాగేసుకుంటుంది, మిగతావి సన్నగానే ఉండిపోతాయి. అందుకే కొండంతా జల్లెడలా కాకుండా, నదికి ఉపనదులు కలిసినట్టు చిన్న దారులు పెద్ద దారిలో కలుస్తూ ఒక ఆకారంతో గుహలు కనిపిస్తాయి.

మరో చమత్కారం 1964లో ఆల్ఫ్రెడ్ బోగ్లి అనే స్విస్ శాస్త్రవేత్త చెప్పాడు. రెండు పగుళ్ళ నుంచి వచ్చే నీళ్ళు రెండూ పూర్తిగా సంతృప్తం అయిపోయాయి అనుకుందాం, వేటికవి ఇక ఒక్క రేణువు కూడా కరిగించలేవు. ఒకదానిలో గ్యాస్ ఎక్కువ, రెండోదానిలో తక్కువ. ఈ రెండూ లోపలెక్కడో కలిస్తే ఆ కలిసిన నీళ్ళకి మళ్ళీ కరిగించే శక్తి వస్తుంది! కారణం ఏంటంటే, కరిగిన కాల్షియాన్ని పట్టి ఉంచడానికి కావాల్సిన గ్యాస్ ఎంత అన్న గ్రాఫు తిన్నటి గీత కాదు, పైకి వంగిన గీత. కాల్షియం ఎక్కువయ్యేకొద్దీ ఒక్కో గ్రాముకీ కావాల్సిన గ్యాస్ ఇంకా ఎక్కువవుతుంది. సగం సగం కలిపినప్పుడు కాల్షియం మధ్యస్థానికి వస్తుంది, గ్యాస్ మాత్రం ఆ మధ్యస్థానికి అవసరమైన దానికన్నా కొంచెం మిగులుతుంది, ఆ మిగులు మళ్ళీ రాయి మీద పనిచేస్తుంది. సముద్ర తీరాల్లో మంచినీళ్ళు ఉప్పునీళ్ళు కలిసే చోట కూడా ఇలాంటిదే జరుగుతుంది, మెక్సికోలో యుకటాన్ దగ్గర నీళ్ళు నిండిన సొరంగాలు వందల కిలోమీటర్లు పాకడంలో దీని చెయ్యి ఉంది.

గుహ లోపల నడిచేటప్పుడు గోడల ఆకారం చూస్తే అది ఎలా పుట్టిందో చాలావరకు చదవొచ్చు. దారి గొట్టంలా గుండ్రంగా ఉంటే అది నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు, భూగర్భజల మట్టానికి కింద తయారైంది, పైకప్పు కూడా నేలతో సమానంగా కరిగింది. సన్నగా లోతుగా లోయలా ఉంటే పైన గాలి, కింద నీళ్ళు ఉన్నప్పుడు నేల మాత్రమే కోసుకుపోయింది. పైన గుండ్రం, కింద సన్నటి కోత, అంటే తాళంచెవి కన్నం ఆకారంలో ఉంటే మొదట నిండుగా పారి తర్వాత నీటి మట్టం దిగిపోయిందన్నమాట. గోడల మీద గవ్వల్లాంటి చిన్న చిన్న గుంటలుంటాయి, అవి ప్రవాహం చెక్కినవి, ఎంత చిన్నగా ఉంటే నీళ్ళు అంత వేగంగా పారినట్టు, వాటి వాలు చూసి నీళ్ళు ఎటు పోయాయో కూడా చెప్పొచ్చు. బెలూం గుహల్లో కనిపించే నున్నటి మలుపులు, గుండ్రటి గోడలు ఇలా నీళ్ళు చెక్కినవే, ఆ గుహ పొడవు 3,229 మీటర్లుగా కొలిచారు.

బయట లోయలో నది కిందికి కోసుకుపోతే గుహలోని నీళ్ళు కూడా కిందికి దిగి కొత్త అంతస్తు మొదలుపెడతాయి, పాతది ఎండిపోయి మిగులుతుంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో ఉన్న మామత్ గుహ ఇలాంటి అంతస్తుల గుహ. ఇప్పటిదాకా మ్యాప్ చేసిన దారులు 680 కిలోమీటర్లు దాటాయి, ప్రపంచంలో ఇంతకన్నా పొడవైనది తెలీదు. పై అంతస్తుల్లో పేరుకున్న ఇసుక, గులకరాళ్ళ వయసు లెక్కగడితే 30 లక్షల ఏళ్ళ పైమాటే అని తేలింది. అంత పాతవి ఇంకా కూలిపోకుండా ఉండటానికి కారణం కొండ నెత్తిన ఉన్న ఇసుకరాయి పొర, అది గొడుగులా నీళ్ళని ఆపింది. లోతు విషయానికొస్తే జార్జియా దేశంలోని అబ్ఖాజియా ప్రాంతంలో వెర్యోవ్కినా గుహ 2,200 మీటర్లకి పైగా లోతు దిగుతుంది.

ఇక భూమి పైకి వద్దాం. ఇలాంటి నేలని కార్స్ట్ అంటారు, ఈ పేరు స్లొవేనియా, ఇటలీ సరిహద్దులో ఉన్న క్రాస్ అనే రాతి పీఠభూమి నుంచి వచ్చింది, జర్మన్‌లో దాన్నే కార్స్ట్ అనేవాళ్ళు. సెర్బియాకి చెందిన యోవాన్ త్స్వియిచ్ 1893లో ఈ నేలల మీద రాసిన పరిశోధనతో అది ప్రపంచమంతా ఇలాంటి నేలలకి పేరైపోయింది. డోలైన్ అంటే గిన్నెలాంటి గుంట, పోల్యె అంటే చుట్టూ కొండలున్న చదునైన పెద్ద పల్లం, పొనోర్ అంటే నది మాయమయ్యే బిలం, ఈ మాటలన్నీ అక్కడి జనం వాడుక మాటలే, శాస్త్రం వాటిని అలాగే తీసుకుంది. స్లొవేనియాలోని సెర్క్‌నిత్సా పోల్యెలో వర్షాకాలం వస్తే 20 చదరపు కిలోమీటర్లు దాటి చెరువు నిలుస్తుంది, ఎండాకాలం అదే చెరువు అడుగున బిలాల్లోంచి ఇంకిపోయి గడ్డి మైదానం అవుతుంది. అదే చోట చేపలూ పడతారు, గడ్డీ కోస్తారు.

కార్స్ట్ నేలని గుర్తుపట్టడానికి అన్నిటికన్నా తేలికైన గుర్తు పైన వాగులు లేకపోవడం. వాన బాగా పడుతుంది, కానీ నీళ్ళు నిలవవు, పారవు, గుంటల్లోంచి లోపలికి పోయి ఎక్కడో కొండ కింద పెద్ద బుగ్గగా బయటపడతాయి. క్రాస్ దగ్గరే రేకా అనే నది ష్కోత్సియాన్ గుహల్లోకి దూకి మాయమై, ఇటలీ తీరం దగ్గర తిమావో బుగ్గలుగా పైకొస్తుంది. దాన్యూబ్ నది సంగతి ఇంకా విచిత్రం. జర్మనీలో ఇమ్మెండింగెన్ దగ్గర ఆ నది నీళ్ళు నదీగర్భంలోకే ఇంకిపోతాయి, ఎండాకాలంలో నది పూర్తిగా ఎండిపోయే రోజులు కూడా ఉంటాయి. 1877లో అడాల్ఫ్ క్నోప్ అనే శాస్త్రవేత్త అక్కడ 10 కిలోల ఫ్లోరెసిన్ రంగు, టన్నుల కొద్దీ ఉప్పు పోయించాడు, సుమారు 60 గంటలకి 12 కిలోమీటర్ల అవతల ఆఖ్ బుగ్గలో నీళ్ళు పచ్చగా మెరిశాయి. ఆ బుగ్గ నీళ్ళు రైన్ నదిలో కలుస్తాయి. అంటే నల్ల సముద్రానికి పోవాల్సిన దాన్యూబ్ నీళ్ళలో కొంత భూమి లోపల దారి మళ్ళి ఉత్తర సముద్రానికి పోతోంది. మ్యాపులో గీసిన నదీ పరీవాహక సరిహద్దులకి కార్స్ట్‌లో అర్థం ఉండదు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఫ్రాన్స్‌లో ఇలాంటి సంగతే అనుకోకుండా బయటపడింది. 1901 ఆగస్టులో పోంటార్లియే ఊళ్ళో అబ్సింత్ అనే మద్యం తయారుచేసే ఫ్యాక్టరీలో పిడుగు పడి మంటలు లేచాయి, పెద్ద పెద్ద పీపాలు పేలిపోకుండా సరుకంతా బయటికి వదిలేస్తే అది డూ నదిలో కలిసింది. తర్వాతి రోజుల్లో కొండకి అవతల ఉన్న లూ నది బుగ్గలో సోంపు లాంటి అబ్సింత్ వాసన గుప్పుమంది! అప్పటిదాకా లూ నది పుట్టేది ఆ బుగ్గలోనే అనుకునేవాళ్ళు, నిజానికి అందులో డూ నది నీళ్ళు కూడా ఉన్నాయని అలా తెలిసింది, తర్వాత రంగు కలిపి చూసి ఖాయం చేసుకున్నారు.

రాయి పైభాగం ఎంత తరిగిపోయిందో చూపించే చోటు ఒకటి ఇంగ్లండులో ఉంది. యార్క్‌షైర్‌లో నార్బర్ దగ్గర మంచు యుగం హిమానీనదాలు మోసుకొచ్చి సున్నపురాయి నేల మీద వదిలేసిన వేరే జాతి బండరాళ్ళు ఉన్నాయి. అవి కరగవు. వాటి చుట్టూ ఉన్న సున్నపురాయి వానకి కరిగి దిగిపోయింది, బండ కింద నీడలో ఉన్న భాగం మాత్రం మిగిలింది, దాంతో ఒక్కో బండ సుమారు ఒక అడుగు ఎత్తు దిమ్మె మీద కూర్చోబెట్టినట్టు ఉంటుంది. మంచు కరిగిపోయినప్పటి నుంచి నేల ఎంత తరిగిందో ఆ దిమ్మె ఎత్తే చెప్తుంది, వెయ్యేళ్ళకి రెండు మూడు సెంటీమీటర్లు అనుకోవచ్చు. వానలు దండిగా పడే వేడి ప్రాంతాల్లో పగుళ్ళు నిలువునా లోతుకి దిగి కొండ ముక్కలు ముక్కలై శిఖరాలు మాత్రమే మిగులుతాయి. చైనాలో గుయిలిన్ దగ్గర నిలువు కొండలు, వియత్నాంలో సముద్రం ముంచేసిన హాలాంగ్ బే, మడగాస్కర్‌లో కత్తుల్లా లేచిన త్సింగీ రాళ్ళు అలా వచ్చినవే.

మళ్ళీ గుహలోకి వెళ్తే, అక్కడ జరిగేది ఉల్టా పని. మట్టిలో గ్యాస్ నింపుకుని, రాయిని కరిగించుకుని దిగిన చుక్క గుహ పైకప్పుకి చేరేసరికి చుట్టూ ఉన్న గాలిలో గ్యాస్ తక్కువ ఉంటుంది, చుక్కలోని గ్యాస్ బయటికి పోతుంది, కొంచెం సున్నం మిగులుతుంది. నీళ్ళు ఆవిరైపోయి సున్నం మిగులుతుందని చాలామంది అనుకుంటారు కానీ గుహల్లో తేమ దాదాపు నూరు శాతం ఉంటుంది, ఆవిరవ్వడం చాలా తక్కువ. చుక్క అంచు చుట్టూ సన్నటి ఉంగరంలా పేరుకుని, ఉంగరం మీద ఉంగరం చేరి బోలుగా గొట్టంలా వేలాడేదే స్టాలక్టైట్ మొదటి రూపం. కింద పడ్డ చుక్క మిగిలిన సున్నాన్ని నేల మీద వదిలితే స్టాలగ్మైట్ లేస్తుంది. పెరుగుదల ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ, ఒక జానెడు పెరగడానికి రెండు వేల ఏళ్ళు పడుతుందన్నమాట. చేతితో ముట్టుకుంటే చర్మం మీది నూనె అంటి అక్కడ పెరుగుదల దెబ్బతింటుంది, విరిగినది మనుషుల కాలంలో తిరిగి రాదు. ఇంత తెలిసీ ఊడలు విరుచుకుపోయేవాళ్ళని చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఈ పొరల్లో వాతావరణ చరిత్ర మొత్తం రాసుంటుంది. యురేనియం నీళ్ళలో కరుగుతుంది, థోరియం కరగదు, కాబట్టి కొత్తగా పేరుకున్న పొరలో యురేనియం మాత్రమే ఉంటుంది, అది క్షీణిస్తూ థోరియం పుడుతుంది, ఈ రెండిటి నిష్పత్తిని బట్టి పొర వయసు చెప్పొచ్చు, సుమారు 6 లక్షల ఏళ్ళ దాకా. పొరల్లోని ఆక్సిజన్ రకాలు వానల తీరు చెప్తాయి. చైనా గుహల నుంచి 6,40,000 ఏళ్ళ రుతుపవనాల రికార్డు ఇలాగే తయారైంది. మేఘాలయలోని మామ్‌లూ గుహలో దొరికిన ఒక స్టాలగ్మైట్ 4,200 ఏళ్ళ క్రితం వానలు బాగా తగ్గిపోయాయని చూపించింది, దాని ఆధారంగానే 2018లో ఇప్పుడు మనం ఉన్న భూగర్భ కాలానికి మేఘాలయన్ అని అధికారికంగా పేరు పెట్టారు.

అన్ని గుహలూ పైనుంచి వచ్చిన నీళ్ళు చేసినవే కావు. న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్, లెచుగియా గుహల్లో పారే నీళ్ళ ఆనవాళ్ళు లేవు, పెద్ద పెద్ద గదులు హఠాత్తుగా గోడలతో ముగిసిపోతాయి, నేల మీద జిప్సం దిమ్మలు ఉన్నాయి. అక్కడ పనిచేసింది సల్ఫ్యూరిక్ యాసిడ్. దగ్గర్లోని చమురు, గ్యాస్ నిల్వల నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పైకి పాకి, ఆక్సిజన్ ఉన్న నీళ్ళు తగిలిన చోట యాసిడ్‌గా మారి, అక్కడికక్కడే రాయిని తినేసింది. బలమైన యాసిడ్ లోపలే పుట్టింది కాబట్టి దూరం వెళ్ళాల్సిన పనే లేదు, అందుకే పొడవైన దారులకి బదులు పెద్ద హాళ్ళు వచ్చాయి. పులుపు ఎక్కడ పుడుతుంది, ఎంత దూరం నిలుస్తుంది అన్నదాన్ని బట్టే గుహ ఆకారం ఉంటుందని ఈ తేడా బాగా చూపిస్తుంది.

ఇప్పుడు మనుషులకి తగిలే విషయం, నేల కుంగడం. గుహ పైకప్పు ఒక్కసారిగా విరిగి పడటం వల్లే గొయ్యి పడుతుందని అనుకుంటారు, అలా జరిగేది అరుదు. ఎక్కువగా జరిగేది ఏంటంటే, రాయి మీద ఉన్న మట్టి కొంచెం కొంచెంగా కింద పగుళ్ళలోకి జారిపోతూ ఉంటుంది, మట్టిలో బోలు ఏర్పడి పైపైకి పెరుగుతుంది, చివరికి పైపొర మోయలేక పడిపోతుంది. భూగర్భజలం నిండుగా ఉన్నంతకాలం నీళ్ళే ఆ మట్టికి కొంత ఆసరా ఇస్తాయి, నీళ్ళు తోడేస్తే ఆసరా పోతుంది. 2010 జనవరిలో ఫ్లోరిడాలో ప్లాంట్ సిటీ దగ్గర గడ్డకట్టే చలి వచ్చినప్పుడు స్ట్రాబెర్రీ పంటని కాపాడుకోవడానికి రైతులు రోజుల తరబడి రాత్రంతా నీళ్ళు తోడి చల్లారు, భూగర్భజలం సుమారు 18 మీటర్లు పడిపోయింది, చుట్టుపక్కల 140 దాకా గోతులు పడ్డాయి. అంతకన్నా ఘోరమైనది 1962 డిసెంబర్‌లో దక్షిణాఫ్రికాలో జరిగింది. బంగారు గనుల్లోకి నీళ్ళు రాకుండా పైనున్న డోలమైట్ (సున్నపురాయి లాంటిదే) రాతిలోని నీళ్ళని తోడేశారు, వెస్ట్ డ్రీఫోంటైన్ గని దగ్గర మూడంతస్తుల క్రషర్ ప్లాంట్ ఉన్నపళంగా నేలలోకి వెళ్ళిపోయింది, 29 మంది చనిపోయారు. ఐతే నేల కుంగిన ప్రతి చోటూ కార్స్ట్ కాదు, 2010లో గ్వాటెమాలా సిటీలో పడ్డ భారీ గొయ్యి ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి కానీ అక్కడ కింద ఉన్నది వదులుగా ఉండే అగ్నిపర్వతపు బూడిద, సున్నపురాయితో దానికి సంబంధం లేదు.

రెండో సమస్య తాగే నీళ్ళది. ఇసుక పొరల్లో నీళ్ళు రోజుకి ఒక మీటరు పాకితే గొప్ప, ఆ నెమ్మదిలో క్రిములు వడకట్టుకుపోతాయి, చచ్చిపోతాయి. కార్స్ట్‌లో నీళ్ళు గంటకి వందల మీటర్లు పోతాయి, దాన్యూబ్ లెక్కే చూడండి, 60 గంటల్లో 12 కిలోమీటర్లు. వడపోత ఉండదు. కొండ మీద గుంటలో ఎవరైనా చెత్త పారేస్తే, మురుగు వదిలేస్తే, రెండు మూడు రోజుల్లో అది కింద ఊరి బుగ్గలో ఉంటుంది. బుగ్గ నీళ్ళు కొండలోంచి వస్తున్నాయి కాబట్టి స్వచ్ఛం అనుకోవడం ఇక్కడ ప్రాణాలకే ప్రమాదం. 2000 సంవత్సరంలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో పెద్ద వానల తర్వాత పశువుల పేడలోని క్రిములు బావిలోకి చేరి ఏడుగురు చనిపోయారు, రెండు వేల మందికి పైగా జబ్బు పడ్డారు. క్లోరిన్ సరిగా వెయ్యకపోవడం పెద్ద కారణం, కానీ ఆ బావి ఉన్నది కూడా పగుళ్ళున్న కార్బొనేట్ రాతిలోనే. మరోవైపు వియన్నా నగరం 1873 నుంచి ఆల్ప్స్ కొండల కార్స్ట్ బుగ్గల నీళ్ళే తాగుతోంది, అది సాధ్యమవుతోంది ఆ బుగ్గల పైన ఉన్న కొండల్ని, అడవుల్ని కూడా బుగ్గతో సమానంగా కాపాడుతున్నారు కాబట్టి.

కార్స్ట్ నేల మీద చెత్త డంపు పెట్టాలన్నా, బోరు వెయ్యాలన్నా, క్వారీ తవ్వాలన్నా ముందు చెయ్యాల్సిన పని 1877లో క్నోప్ చేసిందే. పై గుంటలో హాని లేని రంగు పోసి, చుట్టూ ఉన్న బుగ్గలన్నిటి దగ్గరా రోజుల తరబడి కాపు కాయాలి. ఒక్క బుగ్గ దగ్గర చూస్తే చాలదు, ఎందుకంటే ఒకే గుంట నీళ్ళు రెండు మూడు దిక్కులకి చీలిపోవచ్చు, పైగా ఎండాకాలం ఒక దారిన పోయిన నీళ్ళు వానాకాలం మట్టం పెరిగాక పాత పై అంతస్తు దారి పట్టి వేరే లోయలో తేలొచ్చు. అందుకని ఈ పరీక్ష రెండు కాలాల్లోనూ చెయ్యాలి.